బొమ్మక్క పెట్టిన పొట్టుముద్ద

అనగా అనగా, మబ్బులు గొర్రెల్ని చూసి నడక నేర్చుకుంటున్న రోజుల్లో, ఎర్రదిబ్బల నేలలో గొర్రెలు కాసుకునేవాళ్ళ మంద ఒకటి ఉండేది. ఆ మందకు ఊరంటూ లేదు. గడ్డి ఎక్కడ ఉంటే అదే ఊరు. పొద్దున్నే గొర్రెలు నడిచేవి, పైన మబ్బులు నడిచేవి, వెనక కుక్కలు నడిచేవి. సాయంత్రానికి ఎక్కడ ఆగితే అక్కడ కర్రలు పాతి, కంబళ్ళు కప్పి, గుడిసెలు వేసుకునేవాళ్ళు.

ఆ మందలో బొమ్మక్క అని ఒకామె ఉండేది. నాది అని చెప్పుకోవడానికి ఆమెకు గొర్రె లేదు, గుడిసె లేదు, మొగుడూ పిల్లలూ లేరు. నీరసంగా పుట్టిన గొర్రెపిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని వెచ్చబెట్టేది. పొదుగు గట్టిపడిన గొర్రెలకు వేడి గుడ్డతో కాపడం పెట్టి పాలు పిండేది. మిగిలిన పొద్దంతా ఉన్ని వడికేది. వడుకుతూ వడుకుతూ కునుకు తీసేది. కునుకులో కూడా ఆమె చేతులు ఆడుతూనే ఉండేవి. నిద్రలో వడికిన దారమే నున్నగా వస్తుందని అందరూ ఆటపట్టించేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది, మళ్ళీ కునికేది.

ఆమె చాప కొసన ఒక కుక్క పడుకునేది. బూడిద రంగు, అందుకని బూదిగాడు. మంద కుక్కే గానీ, ఎందుకో వాడు ఆ చాప కొసనే ఎంచుకున్నాడు. బొమ్మక్క తినే జొన్నసంగటి పొట్టుతో సహా వాడూ తినేవాడు. ఆమె కలలో ఎవరితోనో మాట్లాడితే వాడు తోక ఊపేవాడు.

ఒక సాయంత్రం దిబ్బల మీద పొగమంచు దిగింది. మందపెద్ద మాళప్ప భార్య నింగమ్మ, పసిబిడ్డను ఉన్నిగుడ్డలో చుట్టి మంద పక్కన పడుకోబెట్టి నీళ్ళకు పోయింది. మంచులోంచి తోడేలు వచ్చింది. అడుగుల చప్పుడు లేదు. బిడ్డ మీదికి వంగింది. అప్పుడు బూదిగాడు లేచాడు. ఎలా పోట్లాడాడో ఎవరూ చూడలేదు, మంచు అంత దట్టంగా ఉంది. నింగమ్మ తిరిగి వచ్చేసరికి తోడేలు లేదు. బూదిగాడి భుజం చీలి ఉంది. బిడ్డకు నిద్రాభంగం కూడా కాలేదు.

మరి అంత పని చేసినవాడికి పొట్టుసంగటి పెడతారా? నింగమ్మ పండక్కి దాచుకున్న తెల్లబియ్యం తీసింది. మెత్తగా వండి, పాలు పోసి, తన చేత్తో కలిపి పెట్టింది. ఆమెను చూసి అన్ని గుడిసెలూ పెట్టాయి. పొద్దున పాలబువ్వ, మధ్యాహ్నం నెయ్యిబువ్వ, సాయంత్రం కొవ్వుముక్క. గాయం మానింది, మర్యాద మాత్రం మానలేదు. వీడికి ఇంక నడకెందుకని కంబళి పరిచి కూర్చోబెట్టారు. గొర్రెలు నడిచాయి, మబ్బులు నడిచాయి, వెనక మిగతా కుక్కలు నడిచాయి. బూదిగాడు మాత్రం గాడిద మీద మూటలతో పాటు ఊరేగాడు.

ఇక్కడి నుంచి కథ కొంచెం కంపు కొడుతుంది. ముక్కు మూసుకునేవాళ్ళు మూసుకోండి, చెవులు మాత్రం మూయకండి.

కొన్నాళ్ళకు బూదిగాడు వెనకభాగాన్ని నేలకు ఆనించి ఈడ్చుకుంటూ పోవడం మొదలుపెట్టాడు. పిల్లలు నవ్వారు. తర్వాత వాడు తోక మొదలు కొరుక్కున్నాడు. తర్వాత ఎవరైనా తోక దగ్గర ముట్టుకుంటే గుర్రుమన్నాడు. ఆ తర్వాత వాసన మొదలైంది. ఎండలో కుళ్ళిన చేపల బుట్ట పక్కన కూర్చున్నట్టు ఉండేది. గొర్రెలు ఆ వాసనకు బెదిరి చెల్లాచెదురయ్యేవి.

మందలో గుసగుసలు బయలుదేరాయి. తోడేలుతో కలబడ్డాడు కదా, తోడేలు గాలి సోకిందన్నారు. నేల మీద ఈడ్చుకుంటున్నాడంటే మందను ఈడ్చుకుపోయే కీడు వస్తోందన్నారు. మాళప్ప చెడ్డవాడు కాదు. తన బిడ్డను కాపాడిన కుక్కే అని అతనికీ తెలుసు. కానీ మంద మొత్తం అతని తల మీద ఉంది. తొలకరి పడగానే ఏరు దాటి మెట్టభూములకు పోవాలి. ఆ రోజు బూదిగాడిని ఈ ఒడ్డునే ముళ్ళచెట్టుకు కట్టేసి పోదామని చెప్పాడు. కట్టేసిన కుక్క ఎన్నాళ్ళు బతుకుతుందో అడగవలసిన పని లేదు. ఎవరూ అడగలేదు.

బొమ్మక్కకు అన్నం దిగలేదు. లోకంలో ఆమె పక్కన పడుకునే ప్రాణం అదొక్కటే.

మొదట వేపాకు నూరి పూసింది. తగ్గలేదు. తర్వాత దేవుడి రాయికి ఉన్నిదారం కట్టి మొక్కుకుంది. తగ్గలేదు. మూడోసారి గుడిసె గుడిసెకూ తిరిగి ఇంకాస్త పాలు, ఇంకాస్త నెయ్యి అడిగి తెచ్చి, బలం వస్తే తగ్గుతుందని కొసరి కొసరి పెట్టింది. అప్పుడు మరీ ఎక్కువైంది.

ఆ మధ్యాహ్నం ఆమె గొర్రెల మధ్య కూర్చుని వడుకుతూ కునికింది. కలలో ఒక గొర్రె వచ్చింది. దాని పొదుగు ఉబ్బి ఎర్రగా కాలిపోతోంది. పిల్లేదని బొమ్మక్క అడిగింది. పిల్ల ఉంది గానీ తలతో పొడవడం లేదు, పెదవులతో రాసి వదిలేస్తోంది, పాలు లోపలే నిలిచిపోయాయి అంది గొర్రె. బొమ్మక్క పొదుగు మీద చెయ్యి వేసింది. చేతి కింద తోక తగిలింది. కళ్ళు తెరిచి చూస్తే పక్కన బూదిగాడు, తన చెయ్యి వాడి తోక మొదట్లో ఉంది.

ఇక్కడా ఏదో లోపలే నిలిచిపోయిందని ఆమెకు తోచింది. తర్వాత లేచి నీళ్ళు కాచింది. కంబళి ముక్క ముంచి, పిండి, వాడి తోక కింద ఆనించింది. ఆరినప్పుడల్లా మళ్ళీ ముంచింది. వాడు గుర్రుమనడం ఆపి, మూలిగి, చివరికి కళ్ళు మూశాడు. అప్పుడు వేళ్ళతో మెల్లగా తడిమితే, ఒక పక్క రేగుపండంత గడ్డ తగిలింది, రెండో పక్క కూడా ఒకటి. పొదుగు పిండినట్టే, కింది నుంచి పైకి, నొప్పి తెలియకుండా ఒత్తింది. ఆముదం మడ్డి లాంటిది బయటికి వచ్చింది.

ఆ కంపు ఎలా చెప్పను? వంట చేస్తున్నవాళ్ళు కుండలు వదిలి పరుగెత్తారు. గాడిద కట్టు తెంచుకుంది. మాళప్ప కంబళి నెత్తిన కప్పుకుని దిబ్బ ఎక్కాడు. బొమ్మక్క ఒక్కతే కూర్చుని ఉంది, మోకాలి మీద బూదిగాడి గడ్డం. చాలా రోజుల తర్వాత వాడికి నిద్ర పట్టింది. ఆమె సంతోషంతో ఏడ్చింది, కంపుకు కూడా కొంచెం ఏడ్చి ఉంటుంది.

నాలుగు రోజులు బాగున్నాడు. మళ్ళీ ఈడ్చుకున్నాడు.

పిండినంత మాత్రాన సరిపోదని ఆమెకు అర్థమైంది. పిల్ల తలతో పొడిస్తేనే గొర్రె పొదుగు దిగుతుంది. మరి కుక్కకు ఆ పొడిచే పిల్ల ఏది? పొద్దున్నే లేచి మిగతా కుక్కలు పొదల వెనక కూర్చోవడం చూసింది. నవ్వకండి, ఆమె నిజంగానే చూసింది. పొట్టుసంగటి తిని రోజంతా నడిచిన కుక్కలకు గట్టిగా వస్తోంది, వస్తూ వస్తూ, గడ్డలు తగిలిన చోట ఉండే రెండు సంచుల్నీ ఒత్తి ఖాళీ చేస్తోంది. బూదిగాడిది గంజిలా జారిపోతోంది. లోపలిది లోపలే నిలిచి గడ్డకడుతోంది. అంటే వాడికి తగిలింది తోడేలు గాలి కాదు. మందంతా కలిసి పెట్టిన మెత్తటి బువ్వ. అందులో తన చేతిదీ ఉంది.

తొలకరి మబ్బు అప్పటికే పడమట కనబడుతోంది. బొమ్మక్క తిన్నగా నింగమ్మ గుడిసెకు పోయింది. కుక్కకు ఇంక పాలబువ్వ వద్దని చెప్పింది. నింగమ్మ చేతిలో గిన్నె అలాగే ఉంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నా బిడ్డను నాకు మిగిల్చిన కుక్కక్కా అది. దానికి నేను పెట్టే బువ్వ విషమంటాండావా?"

"విషం కాదు తల్లీ, అమృతమే. అయితే పెట్టి సంతోషపడేది నువ్వు. మోసేది దాని ఒళ్ళు."

"పెట్టకుంటే నా మనసు ఊరుకోదే. నేనేం చేసేది?"

"ఆ బువ్వ నాకు పెట్టు. నా ముద్ద దానికి పెడ్తా."

అలా మార్చుకున్నారు. నింగమ్మ రోజూ పాలబువ్వ కలిపి తెచ్చేది, బొమ్మక్క ఆమె ఎదురుగా కూర్చుని గిన్నె ఖాళీ చేసేది. బూదిగాడికి బొమ్మక్క ముద్ద. జొన్నసంగటిలో పొట్టు తియ్యకుండా, ఉడికించిన గుమ్మడికాయ మెదిపి, ఏరుకొచ్చిన ఆకుకూర కలిపి పెట్టేది. మొదట వాడు వాసన చూసి మొహం తిప్పుకున్నాడు. పెద్దమనిషి అయిపోయాడు కదా. రెండోసారి ఇంకో వైపు తిప్పుకున్నాడు. మూడోసారి ఆకలి గెలిచింది. కంబళి ఎత్తేసి వాడిని నడిపించింది. గొర్రెలు నడిచాయి, మబ్బులు నడిచాయి, వెనక కుక్కలు నడిచాయి, అందరి వెనకా బూదిగాడు రొప్పుతూ నడిచాడు.

వాన పడింది. ఏరు దాటే పొద్దు వచ్చింది. మూటలు కట్టారు. మాళప్ప తాడు తీసుకుని వచ్చాడు.

బూదిగాడు చాప కొసన లేడు. ఎక్కడని చూస్తే, ఒక పొద వెనక వంగి కూర్చుని ఉన్నాడు.

"దాని పని కానీ మాళప్పా," అంది బొమ్మక్క. "అది లేచినంక నువ్వే చూడు. మళ్ళా ఈడ్చుకుంటే నీ తాడు నీ ఇష్టం. దాని పక్కన నేనూ ఈ ఒడ్డునే ఉంటా."

మాళప్ప ఆగాడు. అతని వెనక మంద ఆగింది. మూటలతో మనుషులు, పిల్లల్ని ఎత్తుకున్న తల్లులు, గాడిదలు, అందరూ ఆగారు. లోకంలో ఎక్కడైనా ఒక కుక్క బయటికి కూర్చుంటే ఇంతమంది ఊపిరి బిగబట్టి నిలబడ్డారా? ఆ రోజు నిలబడ్డారు. సన్నటి జల్లులో, ఒక్కరూ నవ్వకుండా.

బూదిగాడు లేచాడు. వెనకకాళ్ళతో మట్టి ఎగజిమ్మాడు. ఒళ్ళు విదిల్చుకుని, నాలుగు కాళ్ళ మీద, తోక పైకెత్తి, గొర్రెల్లోకి నడిచి వచ్చాడు. ఒక్క గొర్రె కూడా బెదరలేదు. ముందు నడిచే ముసలి గొర్రె వాడి మెడ వాసన చూసి మళ్ళీ గడ్డి కొరికింది. మాళప్ప తాడు తన నడుముకే చుట్టుకుని ఏట్లోకి దిగాడు.

ఆ తర్వాత ఎర్రదిబ్బల మందలన్నీ తమ కుక్కల్ని బొమ్మక్క దగ్గరికి తెచ్చేవి. ఆమె నీళ్ళు కాచి, గుడ్డ ఆనించి, మెల్లగా పిండేది. పిండుతూ మూడు మాటలు అడిగేది. ఏం తింటాంది? ఎంత నడుస్తాంది? దీన్ని బాగా ప్రేమించేది ఎవురు? మూడో మాటకు ఎవరో ఒకరు తల వంచుకునేవాళ్ళు. ఆమె వాళ్ళను తిట్టేది కాదు, గుమ్మడికాయ ముక్క చేతిలో పెట్టి పంపేది. అన్నీ బతకలేదు. ఒకదాన్ని గడ్డ పగిలి చీము పట్టాక తెచ్చారు. పసుపు పెట్టింది, ఒళ్ళో పెట్టుకుంది, అది ఒళ్ళోనే పోయింది. ఇంకొంచెం ముందు తేవాల్సిందని మాత్రం అని, ఆ రోజంతా వడకలేదు.

ఆ కంపు ఆమె చేతుల్ని వదల్లేదు. భోజనాల దగ్గర ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు, కానీ కొంచెం జరిగి కూర్చునేవాళ్ళు. అందుకని ఆమే గాలివాటం చూసుకుని దూరంగా కూర్చునేది. బూదిగాడు ముసలివాడై ఒక ఎండాకాలం పోయాడు. చాప కొస ఖాళీగా ఉంచి ఆమె ఇంకొన్నేళ్ళు పడుకుంది.

ఒక చలికాలం పొద్దున, మంచు ఇంకా విడవకముందు, గొర్రెకు ఆనుకుని కునికినట్టే పోయింది. ఆ గొర్రె మేతకు లేవలేదు. వేళ్ళ మధ్య దారం ఉంది. మంచు విడిచేసరికి చుట్టుపక్కల మందల కుక్కలన్నీ వచ్చి కూర్చున్నాయి, ఎవరూ పిలవలేదు.

ఏటి గడ్డ మీద పూడ్చారు. పోయినవాళ్ళకు ఇష్టమైనది వండి మన్ను మీద పెట్టడం వాళ్ళ ఆచారం. నింగమ్మ పొయ్యి రాజేసి కూర్చుంది. ఏం వండాలని అడిగింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏ కుక్కకు ఏం పడుతుందో, గుమ్మడికాయ ఎంత మెదపాలో మందలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. బొమ్మక్కకు ఏం ఇష్టమో ఎవరికీ తెలియదు. అన్నేళ్ళలో ఒక్కరూ అడగలేదు.

"పాలబువ్వ తినింది కదా," అంది నింగమ్మ.

"అది కుక్క కోసం తినింది," అన్నాడు మాళప్ప.

నింగమ్మ పొయ్యి ముందు కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. మంట దానంతట అదే ఆరిపోయింది. ఆ మన్ను మీద ఏమీ పెట్టకుండానే లేచారు.

ఇప్పటికీ ఆ నేలలో కుక్క ఈడ్చుకుంటూ పోతే ఎవరూ రాయి విసరరు. నీళ్ళు కాస్తారు, గుడ్డ ముంచుతారు, బొమ్మక్క మాటలు మూడూ అడుగుతారు. మంద కుక్కలకు పొట్టుముద్దే పెడతారు, గుమ్మడికాయ మెదిపి. ఇది కుక్కల సంగతి.

మనుషుల సంగతి ఇంకొకటి ఉంది. అక్కడ ఏ గుడిసెకు పోయి కూర్చున్నా, గిన్నెలో ఏమీ పెట్టకముందు నీకేం ఇష్టమని అడుగుతారు. చుట్టానికైనా, కూలికి వచ్చినవాళ్ళకైనా, దారిన పోయేవాళ్ళకైనా ఇదే మాట. ఒక్కోసారి కూర్చున్నది బతుకంతా పెట్టింది తిన్న ముసలమ్మ అయి ఉంటుంది. అడిగినవాళ్ళ వైపు చూస్తుంది, నేల వైపు చూస్తుంది, చెప్పలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. తొందరేం లేదంటారు. సంగటి చల్లారిపోతున్నా సరే, ఆమె చెప్పేదాకా గరిటె పట్టుకుని నిలబడతారు.