చిన్ని తలకి రంగు రాలేదు

అనగనగా ఒక ఊరి చివర ఒక జొన్నచేను. పొద్దున్నే. మంచు పడుతోంది, చలిగా ఉంది.

ఆ చేలోకి ఏటా చలికాలం రెండు రకాల పిట్టలు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవి. రెండింటికీ పొట్ట పసుపే. ముక్కూ ఒకటే, గింజ కొరికేంత గట్టిది. ఒకళ్ళ తల నల్లన, కుండ బోర్లించినట్టు. ఇంకొకళ్ళ తల ఎర్రన, కావిమట్టిలో ముంచి తీసినట్టు. ఈ సోకులన్నీ మగవాళ్ళకే తల్లీ. ఆడవాళ్ళూ పిల్లలూ ఎవరైనా ఎండుగడ్డి రంగే.

నల్లతలల్లో కంకమ్మ అని ఒక తల్లి. ముగ్గురు ఆడపిల్లలు. ఆ రోజు అందరికన్నా చిన్నది, చిన్ని, పిట్టల కోసం చేలో కట్టిన వలలో చిక్కుకుంది. కాపలా తాత మంచె మీద దుప్పటి ముసుగేసుకుని ఉన్నాడు. ఇంకా చూడలేదు.

అప్పుడు కంకమ్మ నల్లతలల దగ్గరికి ఎగిరింది. "బావగారూ, పిల్ల వలలో పడింది, రండి!"

పెద్ద నల్లతల మెడ సాచి చూశాడు. "తల నల్లగా లేదే. మన పిల్లేనంటావా?"

"నా తలా నల్లగా లేదు. మరి నేనెవర్ని?"

ఆయన గింజ కొరుక్కున్నాడు.

ఆ తర్వాత ఎర్రతలల దగ్గరికి వెళ్ళింది. "అన్నా, నువ్వైనా రా."

"అయ్యో పాపం. ఎర్రగా లేదు కదమ్మా. మీవాళ్ళనే అడుగు," అన్నాడు పెద్ద ఎర్రతల.

కంకమ్మకి ఒళ్ళు మండింది. "తినేటప్పుడు ఒకే కంకి మీద వాలతారు. పిల్ల ప్రాణం పోతుంటే తలలు చూస్తారా? థూ!"

తాత దుప్పటి తీశాడు.

అప్పుడు ఎర్రతలల ఇంటి కోడలు నూకమ్మ, పిలవకుండానే వచ్చి వలదారం ముక్కున పట్టింది.

"నీ పిల్ల కాదు," అంది కంకమ్మ.

"తెలుసు వదినా. నువ్వు అటు కొరుకు."

కొరికారు. తాత నిచ్చెన దిగాడు. కొరికారు. తాత గట్టు దాటాడు. దారం పుటుక్కుమంది. చిన్ని తుర్రుమంది.

సాయంత్రం తుమ్మచెట్టు మీద పెద్ద నల్లతల గొంతు సవరించుకున్నాడు. "ఎంతైనా మా పిల్ల!" ఎర్రతల ఊరుకుంటాడా? "మా కోడలు లేకపోతేనా!"

"ఇప్పుడు కనపడ్డాయా రంగులు?" అంది కంకమ్మ.

ఇద్దరూ రెక్కల్లో తలలు దాచుకున్నారు.

అప్పుడు కంకమ్మ కొమ్మ మీద ముక్కుతో తడుతూ లెక్కపెట్టింది. పెద్దది ఒకటి. నడిపిది రెండు. చిన్ని మూడు.

కాస్త జరిగి చోటిచ్చింది. నూకమ్మ నాలుగు.

కథేమో కంచికి,
పిట్టలేమో కొమ్మకి,
నా చిట్టితల్లి పక్కకి.