జోషువాను పిలిచే పాట

నదీన్ గొంతు పొద్దున్నే పోయింది. కింగ్‌స్టన్ నుంచి వ్యాన్‌లో వస్తున్నంతసేపూ వేణ్ణీళ్ళు తాగుతూనే ఉంది. అల్లం నమిలింది. మాట వస్తోంది గాని, పై స్వరం అందుకోబోతే గాలి తప్ప ఏమీ రావడం లేదు.

ఆమె గురువు సెప్టిమస్ గ్రాంట్ రెగే పాటలు పాడటం మొదలుపెట్టి యాభై రెండేళ్ళయింది. జమైకాలో ఆయన గొంతు తెలియనివాళ్ళు అరుదు. పందొమ్మిదో ఏట ఆయనకు పేరు తెచ్చిన పాటలో ఒక తల్లి ఒడ్డున నిలబడి, పడవెక్కి వెళ్ళిపోయిన కొడుకును పిలుస్తుంది. "జోషువా!" అన్న ఆ పిలుపు ఆకాశాన్ని తాకేది. దాని కోసమే జనం లేచి నిలబడేవారు.

ఇప్పుడాయనకు డెబ్బై ఒకటి. మూడేళ్ళుగా ఆ పిలుపు ఆయనకు అందడం లేదు. వెనక వరుసలో వంత పాడే నదీన్ ఆ సంగతి అందరికంటే ముందు పసిగట్టింది. ఆ చోటు రాగానే తన గొంతు కలిపి పైకి లేపేది. ఎవరూ కనిపెట్టలేదు. ఆయనకూ తెలియదనే అనుకుంది. తనే లేకపోతే గురువుగారి పరువేమయ్యేదో అని లోలోపల కాస్త గర్వం కూడా.

ఇవాళ సాయంత్రం నాలుగింటికి, సముద్రం పక్క మైదానంలో కచేరీ. జనం అప్పుడే నిండిపోయారు. నదీన్ వేదిక వెనక ఆయన బూట్ల తాళ్ళు కట్టుకుంటుంటే వెళ్ళి నిలబడింది.

"గురువుగారూ, ఆ పాట ఇవాళ వద్దు."

"ఏమమ్మా?"

"నా గొంతు పోయింది."

"పాడేది నేను కదా."

నదీన్‌కు ఏడుపొచ్చింది. "ఆ పిలుపు... మూడేళ్ళుగా నేనే పాడుతున్నాను" అంది తల దించుకుని.

ఆయన రెండో బూటుకు కూడా ముడి వేసుకుని లేచాడు.

"పదకొండేళ్ళుగా నా వీపే చూస్తున్నావు. ఇవాళ కిందికెళ్ళి జనంలో నిలబడి విను."

ఆమె వెళ్ళింది. పక్కనున్న ఒక పెద్దావిడ పలకరించింది.

"నా పెళ్ళికి ముందు విన్నానమ్మాయ్ ఆ జోషువా కేక! మళ్ళీ వినాలని మూడు బస్సులు మారి వచ్చాను."

నదీన్ పారిపోదామనుకుంది గాని వేదిక ముందున్న కంచె దగ్గరే నిలబడిపోయింది.

పాట మొదలైంది. జనం ఒక్కసారిగా లేచారు. ఆ చోటు దగ్గరపడుతున్నకొద్దీ ఆమె కంచె కడ్డీని గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది.

కేక రాలేదు.

సెప్టిమస్ మైకును పెదవుల దాకా తెచ్చుకుని, పక్కగదిలో నిద్రపోయే పిల్లాణ్ణి లేపుతున్నట్టు మెల్లగా అన్నాడు: "జోషువా."

డ్రమ్ములు ఆగాయి. మైదానంలో చప్పుడు లేదు. అలల చప్పుడు ఒక్కటే.

"జోషువా" అన్నాడు మళ్ళీ, ఇంకా మెల్లగా.

పెద్దావిడ గుండె మీద చెయ్యి వేసుకుని అలాగే ఉండిపోయింది. ఆమె చెంపలు తడిసిపోయాయి.

కచేరీ అయ్యాక నదీన్ ఆయన దగ్గరికి పరుగెత్తింది.

"అలా పాడాలని ఎప్పుడు అనుకున్నారు?"

"అనుకునేదేముంది? ఆ తల్లి కూడా నాతోపాటే ముసలిదైంది. ఇంకేం అరుస్తుంది?"

"మరి మూడేళ్ళూ నన్నెందుకు పాడనిచ్చారు? నా తోడు మీకు అక్కర్లేదుగా!"

ఆయన తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు.

"ఆ కేక రాకపోతే ఎలా అన్న భయం నీది కదమ్మా. నేనే నీకు తోడొచ్చాను."