వేలు అడ్డుపడిన ఫొటోలు

భీమిలి గ్రంథాలయం వరండాలో సాయంత్రాలు పెద్దవాళ్ళకు ఫోన్ వాడకం నేర్పే భూషణం మాస్టారికి ఏ ప్రశ్నకూ నేరుగా జవాబు చెప్పే అలవాటు లేదు. ఒకనాడు యశోద అనే శిష్యురాలు, కొత్త ట్యాబ్‌ను తన ఫోన్‌తో సింక్ చేసుకున్న సంతోషంలో ఆయన్ని అడిగింది.

"మాస్టారూ, ఇప్పుడు రెండింట్లోనూ అన్నీ ఒకేలా ఉన్నాయి. ఒకటి పోయినా రెండోది ఉంటుంది. ఇంక భయం లేనట్టేగా?"

మాస్టారు తనకు తెలిసిన ఇద్దరు అక్కచెల్లెళ్ళ సంగతి చెప్పారు.

పెద్దామె వరూధిని భీమిలిలోనే ఉంటుంది. చిన్నామె నీలవేణి ఉండేది కొండల్లో, చింతపల్లిలో. వాళ్ళమ్మ బతికున్నన్నాళ్ళూ పొద్దున్నే ఒడ్డుకు వెళ్ళి ఫోన్‌తో సముద్రాన్ని ఫొటో తీసేది. పొగమంచులో తేలుతున్న పడవలు, నీళ్ళలో కరిగిపోతున్నట్టున్న సూర్యుడు, ఒక్కోసారి ఉత్త తెలుపు. ప్రతి ఫొటోలోనూ ఏదో ఒక మూల ఆవిడ వేలు అడ్డుపడి ఉండేది. ఆవిడ పోయాక కూతుళ్ళిద్దరూ ఆ ఫొటోలున్న ఆవిడ ఆన్‌లైన్ ఖాతాను తమ ఫోన్లలో తెరుచుకున్నారు. నీలవేణి రోజూ పని మొదలుపెట్టే ముందు ఒక ఫొటో చూసుకునేది. ఆ కాసేపూ అమ్మ పక్కనే నిలబడి, తడి ఇసుక కాళ్ళకు తగులుతున్నట్టు ఉండేదట. వరూధిని మాత్రం ఆ వేలు కనబడితే చాలు, ఫోన్‌ను బోర్లా పెట్టేసేది. ఒక మధ్యాహ్నం, పోయేది తన ఫోన్లోంచే కదా అనుకుని, అన్నిటినీ తీసేసింది.

కొండ మీద నీలవేణి చూస్తూండగానే సముద్రం ఖాళీ అయిపోయింది. ఫోన్ పాడైందేమోనని ఆమె అక్కకు ఫోన్ కలిపి చెప్పుకుంది. వరూధిని తాను చేసింది చెప్పి, ఆ ఫోన్ పట్టుకుని మాస్టారి దగ్గరికి వచ్చింది.

ఇంకేమీ నొక్కవద్దని ఆమెకు చెప్పి, తీసేసినవి కొన్నాళ్ళపాటు నిలిచి ఉండే చెత్తబుట్టను మాస్టారు తెరిచారు. అన్నీ అందులోనే ఉన్నాయి. ఆయన వాటిని వెనక్కి తెస్తుంటే, నీలవేణి లైన్లోనే ఉండి, తన ఫోన్లోకి ఏది తిరిగివస్తే దాన్ని అక్కకు మెల్లగా చెబుతూ పోయింది. పడవ వచ్చింది, మంచు వచ్చింది, అమ్మ వేలు వచ్చింది. వరూధిని కళ్ళు మూసుకుని విన్నది. ఆమె ఏదో చెప్పుకోబోతే చెల్లెలు చెప్పనివ్వలేదు.

"చూడలేకపోతే నువ్వు చూడకక్కా. నీ బదులు నేను చూస్తుంటాను."

ఆ సాయంత్రమే మాస్టారు ఫొటోలన్నిటినీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి విడిగా ఎక్కించి, వరూధిని ఫోన్లోంచి ఆ ఖాతాను తొలగించారు. ఇప్పుడు అందులో ఒక్క ఫొటో కూడా లేదు. కానీ కొన్ని పొద్దుల్లో ఆమె కొండ మీది చెల్లెలికి ఫోన్ చేసి, సముద్రం ఈవేళ ఎలా ఉందని అడుగుతుందట. వరూధిని ఇల్లేమో ఒడ్డునే.

యశోద ట్యాబ్‌ను ఒళ్ళోకి తీసుకుంది. ఒక ఫోన్లో తీసేస్తే రెండోదాంట్లో ఎందుకు పోవాలని అడిగింది.

"సింక్‌ను కలిపి ఉంచమన్నాం, కలిపి ఉంచింది. విడిగా దాచమని మనం అడగలేదమ్మా" అన్నారు మాస్టారు.