మాటామంతీ లేని శిక్ష

“ఏటి అవతలి చిలకా, ఏమే పలకవు...” ఆపైన ఓబుళమ్మకు గుర్తులేదు, చరణం అందించే తోడూ లేదు. ఒంటి గుడిసెలో మనసూరుకోక, దివానుగారి వాకిలి ముందు ఆ ముక్కే పాడుకుంటూ పోయింది. ఆయన కునుకు చెడింది. బంట్రోతు చేత ఆమెను మెట్ల ముందుకు పట్టి తెప్పించాడు.

“తప్పు చిన్నదే, శిక్షా చిన్నదే. నెల్లాళ్ళు దీనితో ఎవరూ మాట్లాడకూడదు. మాట్లాడితే వాళ్ళకూ అదే శిక్ష!” అన్నాడు దివాను.

ఏ వారానికో వినబడే పలకరింపూ పోయిందని ఓబుళమ్మ గుండె జారింది. “ఎప్పట్నించి దొరా?”

“ఈ క్షణం నుంచే. అర్థమైందా?”

“అయింది. నాతో మాట్లాడారు గదా, మరి తమకు?”

దివాను బంట్రోతును పిలిచాడు. శిక్ష తనకూ అంటుకుంటుందని వాడు పలకలేదు. చుట్టూ ఉన్న నౌకర్లూ ఒక్కొక్కరే తప్పుకున్నారు. పొద్దువాలేదాకా పంతంగా కూర్చున్న దివాను, చివరికి మెట్లు దిగి ఆమె పక్కన కూలబడ్డాడు.

“ఇద్దరి శిక్షా కొట్టేశాను. ఇంతకీ అన్నం తిన్నావా, అవ్వా?”