దిగువపేటలో రోగులు సున్నా

రత్నగుట్టను ఏలే మహీధర భూపతికి ఒకరోజు పొద్దున్నే పొరుగు రాజు నుంచి లేఖ వచ్చింది. 'మా రాజ్యంలో నూటికి ఒక్కడే రోగి. మరి మీ దగ్గర?' అని ఉంది అందులో.

రాజుకి ఒళ్ళు మండిపోయింది.

"మన జనాన్నీ లెక్కపెట్టండి! ఏ పేటలో ఎందరున్నారు, వాళ్ళలో జబ్బుపడ్డవాళ్ళెందరు, పదిహేను రోజుల్లో నాకు తెలియాలి. మన అంకె మాత్రం ఆయన అంకె కంటే చిన్నదిగా ఉండాలి!"

రాజవైద్యుడు త్ర్యంబక పండితుడు ఆ పనిని సంతోషంగా నెత్తికెత్తుకున్నాడు. జనం ఎందరో తలారులు పేటపేటా తిరిగి రాసుకొచ్చారు. రోగుల లెక్క మాత్రం పండితుడు కోటలోని వైద్యశాల అరుగు దిగకుండానే ముగించాడు. వైద్యశాలకి వచ్చినవాడు రోగి, రానివాడు ఆరోగ్యవంతుడు. అంతే.

పదహారో రోజు నిండు సభలో పట్టీ చదివాడు.

"వర్తకుల వీధిలో ఆరువందల మంది, రోగులు నలుగురు. సాలెవాడలో తొమ్మిదివందలు, రోగులు ముగ్గురు. బుట్టలల్లేవాళ్ళు, తోలుపనివాళ్ళు ఉండే దిగువపేటలో పన్నెండువందల మంది, రోగులు సున్నా! మిగతా పేటలన్నీ కూడా కలిపి చూస్తే రెండువందలకి ఒక్కడే, ప్రభూ!"

సభ చప్పట్లతో హోరెత్తింది. రాజు పొంగిపోయాడు.

"అంత ఆరోగ్యంగా ఉన్న దిగువపేటకి కొత్త బావి దేనికి? బావికని తెప్పించిన రాళ్ళతో పండితులవారి పేర ఆరోగ్యస్తంభం నిలబెట్టండి!"

సింహాసనం పక్కన తమలపాకులకి సున్నం రాస్తున్న చెన్నక్క అదే ఆకు మీద మరో రెండుసార్లు సున్నం పులిమింది.

చెన్నక్క రాజుకి తాంబూలం అందించే మనిషి. రాజు కుర్రవాడిగా ఉన్నప్పటి నుంచీ ఆ పనిలోనే ఉంది కాబట్టి నోరు విప్పే చనువుంది. మొన్ననే ఆకుల బుట్ట కోసం దిగువపేటకి వెళ్ళింది. బుట్టలల్లే ఓబులమ్మ ఇంట్లో మొగుడు రక్తవిరేచనాలతో నేలకి అంటుకుపోయి ఉన్నాడు. మంచం మీద మోసుకుని కోటదాకా తెస్తే, దిగువపేటవాళ్ళకి లోపలికి ప్రవేశం లేదని భటులు గుమ్మంలోంచే తిప్పి పంపేశారట. ఆ పేటంతటికీ ఉన్నది ఒక మురికిగుంట. రాజుకి చూపిద్దామని చెన్నక్క అందులోంచి ఒక చెంబు నీళ్ళు ముంచుకొచ్చింది. చూపించే వేళ దొరకలేదు. 

రాజు తాంబూలం నోట్లో వేసుకుని "అబ్బా!" అన్నాడు. "నాలుక కాలింది, చెన్నక్కా! ఇవాళ ఇంత సున్నం రాశావేం?"

"సున్నా అని వినబడేసరికి సున్నం ఎక్కువ పడింది ప్రభూ."

సభలో కిసుక్కుమన్నారు. పండితుడు మాత్రం నవ్వలేదు.

"పండితులవారూ, కోటలో రోగులెందరో చదవనేలేదు," అంది చెన్నక్క.

పండితుడు గొంతు సవరించుకున్నాడు. "అంతఃపురంలో నలభై మంది. రోగులు... నలభై ఒక్కరు."

"నలభై మందిలో నలభై ఒక్కరా?" అన్నాడు రాజు.

"మహారాణిగారి చిలుకకి జలుబు చేసింది ప్రభూ."

ఈసారి సభంతా నవ్వింది. చెన్నక్క చేతులు జోడించింది.

"ప్రభూ, మూడు నెలలుగా మీకు కడుపులో మంట తగ్గడం లేదు. పట్టీ ప్రకారం రోగం అంతా కోటలో ఉంది, ఆరోగ్యం అంతా దిగువపేటలో ఉంది. మహిమ అక్కడి నీళ్ళలోనే ఉండాలి. ఒక చెంబు తెచ్చి ఉంచాను."

"ఇన్నాళ్ళూ చెప్పవేం? పట్రా!"

చెన్నక్క లోపలికి వెళ్ళి చెంబు తెచ్చి వెండిగిన్నెలో వంచింది. రాజు తొంగి చూశాడు.

"పచ్చగా ఉన్నాయే?"

"ఆరోగ్యం రంగు అదేనేమో ప్రభూ. పండితులవారిని అడగండి."

పండితుడి నుదుటి మీద చెమట పట్టింది.  రాజు గిన్నె ఎత్తాడు. పండితుడు కదలకపోతే తానే లాగేసుకుందామని చెన్నక్క చెయ్యి సిద్ధంగా ఉంచుకుంది. గిన్నె పెదవుల దగ్గరికి వచ్చింది.

పండితుడు ఒక్క ఉదుటున లేచి రాజు మణికట్టు పట్టుకున్నాడు.

"తాగకండి ప్రభూ! ఆ నీళ్ళు తాగే ఈ నెలలో పదకొండు మంది పోయారు! ఇంటికొకరు మంచాన ఉన్నారని తలారులే చెప్పారు!"



రాజు గిన్నె మెల్లగా కింద పెట్టాడు. "ఆ పదకొండు మందీ నీ పట్టీలో లేరే?"

"పోయినవాళ్ళు రోగులు కారు కదా ప్రభూ," అని గొణిగాడు పండితుడు. "మంచాన ఉన్నవాళ్ళని భటులు గుమ్మంలోనే ఆపేశారు. వాళ్ళనీ రాస్తే... అంకె పెరుగుతుందని..."

రాజు ముఖం ఎర్రబడింది. చిన్న అంకె కావాలని అడిగింది తానేనని గుర్తొచ్చి తల వంచుకున్నాడు. తర్వాత తలెత్తి ఆజ్ఞ ఇచ్చాడు:

"స్తంభం మాట మరచిపోండి. రేపే బావి తవ్వకం మొదలుపెట్టాలి. దిగువపేట మనిషిని గుమ్మంలో ఆపిన భటుడికి ఇక కొలువు లేదు. మళ్ళీ లెక్క మొదలుపెట్టండి. ఈసారి ఇంటింటికీ వెళ్ళాలి, పోయినవాళ్ళనీ రాయాలి. అంకె ఎంత పెద్దదైనా సరే. ఆ లెక్క చెన్నక్క చూసుకుంటుంది. పండితుడు మందులపెట్టెతో ఇప్పుడే దిగువపేటకి వెళ్ళి, బావిలో నీళ్ళు పడేదాకా అక్కడే కాపురం ఉండాలి."

"ప్రభూ! పన్నెండువందల మందికి నేనొక్కణ్ణేనా? ఊపిరి తీసుకోవడానికైనా తీరిక ఉంటుందా?" అని బావురుమన్నాడు పండితుడు.

చెన్నక్క తాంబూలం పళ్ళెం సర్దుకుంటూ అంది:

"తీరికకేం లోటు పండితులవారూ? అక్కడ రోగులు సున్నా కదా!"

సభ పగలబడి నవ్వింది. రాజు కడుపు పట్టుకుని నవ్వుతూనే మెడలోని ముత్యాలహారం తీసి చెన్నక్క చేతిలో పెట్టాడు.