పందిరి మంచం వచ్చిన దారి

కాకినాడ జగన్నాథపురంలో అచ్యుతావధానులుగారని ఒక పెద్దాయన వేదాంతం చెప్పేవారు. ఎవరైనా వచ్చి ప్రశ్న వేస్తే వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆయనకు లేదు. "ఇవాళ నీకు పనేముంది?" అని అడిగేవారు. వాళ్లు చెప్పింది విని, ఓపికుంటే ఆ పనికి తనూ వెంట వెళ్లేవారు. ప్రశ్న సంగతి దారిలో ఎక్కడో తేలుతుందని ఆయన నమ్మకం. తేలకపోతే మర్నాడు మళ్లీ రమ్మనేవారు.

ఆయన దగ్గరకు వచ్చేవాళ్లలో ధాన్యం వ్యాపారి నాగభూషణం ఒకడు. వయసు యాభై దాటింది. చేతికి ఎముక లేదని పేరు. కానీ అతనికి ఒక పిచ్చి ఉంది. పూర్వం రంగూన్ వెళ్లి గడించినవాళ్లు తిరిగి వస్తూ అక్కడి చీనా వడ్రంగులు చేసిన రోజ్‌వుడ్ సామాను ఓడల మీద తెచ్చుకునేవారు. ముదురు బెల్లం రంగు చెక్క, అరచేత్తో నిమిరితే రాయిలా చల్లగా ఉండేది. ఆ పాత ఇళ్లు ఒక్కొక్కటే అమ్మకానికి వస్తుంటే, తీరం పొడుగునా ఏ ఊళ్లో ఏ కుర్చీ ఉందో, ఏ బీరువా ఉందో నాగభూషణానికి కబురు అందేది. ఆ కబురు అందాక నిద్ర పట్టేది కాదు. కొని తెచ్చుకున్నాక, దాన్ని ఎవరైనా ముట్టుకుంటారేమోనని నిద్ర పట్టేది కాదు. "ఈ ఇంట్లో కుర్చీలకున్న మర్యాద చుట్టాలకు లేదు" అనేది అతని భార్య.

ఇక కొననని ఒకసారి ఒట్టు పెట్టుకున్నాడు. మనసు గట్టి చేసుకుని ఒక చేతుల కుర్చీని బావమరిదికి ఇచ్చేశాడు కూడా. పది రోజులు తిరక్కుండానే, కాలు కదులుతోంది బాగుచేయిస్తానని చెప్పి వెనక్కు తెచ్చుకున్నాడు. అది మళ్లీ బావమరిది ఇంటికి వెళ్లలేదు. ఆ సిగ్గుతోనే ఒకరోజు పొద్దున్నే వచ్చి గురువుగారి ముందు కూర్చున్నాడు.

"మమకారం పోవాలంటే కోసుకోవడం తప్ప దారి లేదా గురువుగారూ? కోసుకోబోతే ప్రాణం పోతున్నట్టుంది. ఉంచుకుంటే పరువు పోతోంది."

"ఇవాళ నీకు పనేముంది?" అన్నారు అవధానులుగారు.

నాగభూషణం తలవంచుకున్నాడు. "ఉప్పాడలో ఒక పందిరి మంచం కొనడానికి వెళుతున్నాను."

"నేనూ వస్తాను, పద" అన్నారాయన, కండువా అందుకుంటూ.

ఉప్పాడలో సముద్రం ఊరిని కొరుక్కు తింటున్న రోజులవి. మంచం అమ్ముతున్న మంగాయమ్మ ఇంటి ముందు ఒకప్పుడు రోడ్డు, రోడ్డు అవతల కొబ్బరితోట ఉండేవి. ఇప్పుడు అలలు ప్రహరీ గోడను పడగొట్టి వాకిట్లోకి వస్తున్నాయి. మర్నాడు అమావాస్య. పోటు బలంగా ఉంటుందని, ఈసారి ఇల్లు నిలవదని జాలర్లు చెప్పి వెళ్లారు. ఆమె పెళ్లి చేసుకోలేదు, ఆ ఇల్లు దాటి ఎక్కడా ఉండలేదు. పిఠాపురంలో ఉన్న చెల్లెలు రమ్మని నెల నుంచీ మొత్తుకుంటోంది. "మంచాన్ని వదిలి రాను" అని ఈమె కూర్చుంది. మంచమేమో గది తలుపులోంచి పట్టదు. నాగభూషణం అంతకుముందు రెండుసార్లు వచ్చి నాలుగు కోళ్లూ ఊపి చూశాడు. చీనా సామాను విడదీయడానికి వీలుగా ఉంటుందని అతనికి తెలుసు. కానీ ఇది రాతిలో తొలిచినట్టు ఇసుమంత కదల్లేదు. చివరికి అతనే ఉపాయం చెప్పాడు. రంపంతో నాలుగు ముక్కలుగా కోయించి తీసుకెళతాను, కాకినాడలో మళ్లీ అతికించుకుంటాను అని. సముద్రం పాలయ్యేదానికంటే అదే నయమని మంగాయమ్మ ఒప్పుకుంది. ఒప్పుకున్న నాటి నుంచి ఆమె సరిగ్గా తిండి తినడం లేదు.

వాళ్లు వెళ్లేసరికి లారీ పెరటి వైపు ఆగి ఉంది. వడ్రంగి రంపం పట్టుకుని గది గుమ్మంలో నిలబడ్డాడు. మంగాయమ్మ మంచం పట్టె మీద చెయ్యి వేసి కూర్చుని ఉంది. పైన పందిరి చుట్టూ పూలతీగలు, తీగల మధ్య రెక్కలు చాచిన గబ్బిలాలు చెక్కి ఉన్నాయి.

"చీనావాళ్లకు గబ్బిలాలు శుభమటండీ" అందామె అవధానులుగారు వాటివంక చూడటం గమనించి. "మా నాయనమ్మ ఒప్పుకోలేదు. అన్నిటికీ బొట్లు పెట్టి ఇవి చిలకలేనంది. మా ఇంట్లో అందరం చిలకలనే అనేవాళ్లం. మా చెల్లెలు ఈ మంచం మీదే పుట్టింది."

ఇంక మొదలుపెట్టనా అన్నట్టు వడ్రంగి చూశాడు. నాగభూషణం రంపం వంక చూడకుండా కిటికీ వైపు తిరిగాడు. అవధానులుగారు ఆమె ఎదురుగా కింద చతికిలబడ్డారు.

"ఇది లోపలికి ఎలా వచ్చిందమ్మా?"

"రావడమేమిటండీ, నాకు తెలిసినప్పటి నుంచీ ఇక్కడే ఉంది."

"ఇక్కడ మొలవలేదు కదా."

ఆమె గుమ్మం వంక చూసింది. బయట ఒక అల విరిగి నురగ మెట్ల దాకా వచ్చి వెళ్లింది.

"గోనెపట్టాలు చుట్టిన కట్టలు" అంది నెమ్మదిగా. "మనుషులు నెత్తిన పెట్టుకుని తెచ్చారు. తెడ్లేమో అనుకున్నాను. నాన్న నన్ను గదిలోకి రానివ్వలేదు. సాయంత్రం తలుపు తీసేసరికి మంచం ఉంది." పట్టె చివర వేలితో తడిమింది. "అప్పట్లో కదిలితే కిర్రుమనేది. చెల్లెలు పుట్టాక ఆ చప్పుడుకు పసిగుడ్డు ఉలిక్కిపడి లేస్తోందని నాన్న మేకులు కొట్టించారు. మేకులు అందించింది నేనే. తర్వాత ఉప్పుగాలికి చెక్క పాడవుతుందని ఓడలకు వేసే రంగు పూయించారు. ఏటేటా పూయిస్తూనే వచ్చారు."

నాగభూషణం అప్పటికే కండువా తీసి పక్కన పెట్టాడు. ఆమె వేలితో చూపించిన చోటల్లా చాకుతో రంగు గీకాడు. మందంగా పేరుకున్న పెచ్చుల కింద తుప్పు పట్టిన మేకు తలలు బయటపడ్డాయి. వడ్రంగి దగ్గర పట్కారు తీసుకుని తనే ఒక్కొక్కటి లాగాడు. కష్టపడింది అక్కడే. కొన్ని విరిగాయి, కొన్ని చెక్కను చీల్చుకుంటూ వచ్చాయి. అరచేతులు బొబ్బలెక్కాయి. అన్నీ వచ్చాక పట్టెను పక్కకు తట్టి చూస్తే అది కదల్లేదు. అంతలో తన ఇంట్లోని ఒక చీనా పీట పైచెక్క ఎలా ఊడుతుందో గుర్తొచ్చింది. కింద గుడ్డ అడ్డం పెట్టి, కొయ్య సుత్తితో కింది నుంచి పైకి మెల్లగా తట్టాడు. పట్టె చిన్న నిట్టూర్పులాంటి చప్పుడు చేసి గాడిలోంచి లేచింది.

లోపలి చెక్క నిన్ననే చిత్రిక పట్టినట్టు ఎర్రగా ఉంది. తియ్యటి వాసన వేసింది. గాడి పక్కన సిరాతో ఒక చీనా అక్షరం, దానిలో కూర్చునే కొస మీద అదే అక్షరం. విప్పేవాళ్లు ఒకనాడు వస్తారని, మళ్లీ కూర్చుకోవాల్సి ఉంటుందని, చేసినవాడు ముందే అనుకుని రాసిపెట్టిన గుర్తులు. నాగభూషణం ఆ అక్షరాన్ని బొటనవేలితో తాకి, మంగాయమ్మకు చూపించాడు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, అప్పుడే గుర్తొచ్చినట్టు వెళ్లి అందరికీ మజ్జిగ తెచ్చింది. తనూ ఒక గ్లాసు తాగింది.

ఆఖరి కోడు గుమ్మం దాటాక ఆమె అతని ముందు నిలబడింది.

"బాబూ, నేను మాట తప్పుతున్నాను. ముక్కలైపోతుందనుకుని నీకిస్తానన్నాను. ఇప్పుడు మా చెల్లెలింటికి పట్టుకెళ్లాలనుంది."

అతను ఆ మంచం కోసం ఎంత కాలం తపించాడో అవధానులుగారికి తెలియదు గానీ అతనికి తెలుసు. పన్ను పీకించుకున్నవాడు నాలుకతో ఆ చోటు తడుముకున్నట్టు, తన లోపల నొప్పి ఎక్కడుందా అని వెతుక్కున్నాడు. దొరకలేదు. పొద్దుటి నుంచి గుండెల మీద ఉన్న బరువు కూడా దొరకలేదు. ఆ రంపం చప్పుడు వినాల్సి వస్తుందని తను ఎంత భయపడ్డాడో అప్పుడు గాని అతనికి తెలియలేదు.

"పిఠాపురానికే పోనివ్వు" అని లారీ డ్రైవరుకు చెప్పాడు. "చెక్కలు గోడకు చేరేసి ఉంచండమ్మా. రేపు పొద్దున వచ్చి నేనే బిగిస్తాను. మేకులు మాత్రం కొట్టనివ్వకండి."

"కిర్రుమంటే?"

"కిర్రుమననివ్వండి. మీ చెల్లెలుగారిప్పుడు పసిపిల్ల కాదుగా."

మంగాయమ్మ నవ్వింది. సామాను ఎక్కించాక ఇంటి తలుపు దగ్గరగా వేసింది గానీ తాళం పెట్టలేదు. సముద్రానికి తాళమెందుకని అంది. లారీ ముందు సీట్లో కూర్చుని, మలుపు తిరిగేదాకా ఇంటి వంక చూసి, ఆ తర్వాత ముందుకు తిరిగింది.

తిరుగు దారిలో కారు కాకినాడ పొలిమేరకు వచ్చింది. అప్పుడు నాగభూషణం అన్నాడు.

"చేతిదాకా వచ్చింది పోయింది గురువుగారూ. కోసుకున్నట్టు నొప్పి పుట్టాలి, ఏడుపు రావాలి. ఎందుకో రావడం లేదు."

అవధానులుగారు అతన్ని తల నుంచి కాళ్ల దాకా ఒకసారి చూశారు.

"నీ పంచె మీద ఎక్కడా రంపపు పొట్టు లేదు నాయనా" అన్నారు.