పాత డిస్కులో ఫైళ్లు

ప్రణవికి చేతివేగం ఎక్కువ. ఆ వేగం చూసుకుని కాస్త గర్వం కూడానూ.

విజయనగరంలో ఒక ఆసుపత్రి బ్లడ్ బ్యాంకు. సర్వర్లో పాత డిస్కు దాదాపు నిండిపోయింది. డేటాబేస్ ఫైళ్లు కొత్త డిస్కుకు మార్చాలి. ఎవరికి ఏ రక్తం సరిపడుతుందో, ఏది పడదో అన్నీ వాటిలోనే ఉన్నాయి. గంటలో సిస్టమ్ మళ్లీ తెరిచేస్తామని ప్రణవి ల్యాబు వాళ్లకు మాటిచ్చేసింది. ఆమెకు పని నేర్పుతున్న ఖాదర్ వలీ గారు వెనక కుర్చీలో కూర్చున్నారు.

డేటాబేస్‌ను సర్వర్ నుంచి విడదీసింది. ఫైళ్ల మీద 'కట్' నొక్కింది.

"కాపీ చెయ్యవా అమ్మా?"

"కట్ చేస్తే పాతచోట తీసెయ్యడం కూడా ఒక్కసారే అయిపోతుంది కదండీ మాస్టారూ! రాత్రి తీసిన బ్యాకప్ ఎలాగూ ఉంది."

"మరి పొద్దున ఎక్కించినవి?"

"అబ్బా, ఏమీ కాదండీ!"

ఆయన లేచి బయటికెళ్లి, వరండాలో కూర్చున్న ఒక పెద్దావిడను వెంటబెట్టుకొచ్చారు. పేరు అప్పలకొండ. కూతురు గౌరి పై అంతస్తులో కాన్పుకు చేరింది. సరిపడే రక్తం దొరక్క దొరక్క దొరికితే, ఆ సంచుల నంబర్లు పొద్దున్నే కంప్యూటర్లో ఎక్కించారు.

"నీ కూతురి వివరాలు ఇందులో ఉన్నాయమ్మా. ఈ అమ్మాయి వాటిని వేరేచోటికి మారుస్తోంది. కూర్చో," అని తన కుర్చీ ఆవిడకు జరిపారు.

"జాగర్త తల్లీ," అంది అప్పలకొండ.

ప్రణవికి ఒళ్లు మండింది. పక్కన మనిషిని కూర్చోబెడితే పని ఎలా చేస్తారు? అయినా చెయ్యి ముందుకు సాగలేదు. మౌస్ వదిలేసి, మళ్లీ పట్టుకుని, ఈసారి 'కాపీ' నొక్కింది.

కాపీ అయింది. కొత్త డిస్కులోని ఫైళ్లను సర్వర్‌కు తగిలించబోతే తెర మీద ఎర్ర అక్షరాలు. డేటా ఫైలు పాడైంది, తెరవడం కుదరదట. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ అదే. కొత్త డిస్కే చెడ్డది.

అప్పుడే ల్యాబు కుర్రాడు తలుపు తోసుకొచ్చాడు. "మేడం, గౌరికి రక్తం బాగా పోతోందట! ఏ సంచులు ఇవ్వాలో చూడాలి, త్వరగా తెరవండి!"

"నా గౌరేనా బాబూ?" అప్పలకొండ లేచి నిలబడింది.

ప్రణవి మాస్టారి వైపు చూసింది. ఆయన తెర మీద పాత డిస్కు గుర్తు మీద వేలు పెట్టారంతే.

ఫైళ్లు ఉన్నచోటే ఉన్నాయి. వాటినే మళ్లీ సర్వర్‌కు తగిలించింది. తెరుచుకుంది. గౌరి పేరు, పక్కనే సంచుల నంబర్లు. కుర్రాడు చూసుకుని పరుగెత్తాడు.

సాయంత్రానికి ఇంకో డిస్కు తెప్పించారు. మళ్లీ కాపీ చేసి, తగిలించి, సరిచూసుకుంది. అంతా బాగుంది.

"మాస్టారూ, ఇప్పుడు పాతవి తీసెయ్యమంటారా?"

"ముందు పైకెళ్లి వాళ్లను చూసిరా."

గౌరి నీరసంగా పడుకుని ఉంది, కానీ కళ్లు తెరిచే ఉంది. అప్పలకొండ మొహం వెలిగిపోతోంది. "ఎత్తుకో తల్లీ," అంటూ మనవరాలిని ప్రణవికి అందించింది. అందించిందే గానీ వదల్లేదు. ప్రణవి అరచెయ్యి బిడ్డ తల కిందికి చేరి, మోచెయ్యి ఒంటికి ఆనిందాకా ఆవిడ చేతులు అక్కడే ఉన్నాయి.

ప్రణవి కిందికొచ్చేసరికి ఖాదర్ వలీ గారు బండి తాళాలు తీసుకుంటున్నారు.

"ఏమ్మా, పాతవి తీసేద్దామా?"

"ఇవాళ్టికి ఉండనివ్వండి మాస్టారూ."